చేతికి పానా అందని ఇంటర్న్‌షిప్ ఎవలకోసం?

"మామా, అబిడ్స్‌ల విమానం ఇంజిన్ ఇగ్నిషన్ సిస్టమ్ మీద ఇంటర్న్‌షిప్ ఉన్నదట. నెల రోజులు. ఎనిమిది వేలు కట్టాల్నట. కట్టాల్నా, వద్దా?"

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేసి అడిగిన ముచ్చట ఇది. పిలగాడు ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నడు. వాళ్లది తాండూరు దిక్కు పల్లె. అయ్య కౌలుకు చేస్తడు, అవ్వ కూలికి పోతది. ఎనిమిది వేలంటే ఆ ఇంట్ల చిన్న లెక్క కాదు.

"పని నేర్చుకునేటోనికి కంపెనీ పైసలియ్యాలె గని, నువ్వు కట్టుడేందిరా?" అన్న.

"ఇక్కడ గట్లనే మామా. మా క్లాసుల సగం మంది కట్టిన్రు. సర్టిఫికెట్ పెట్టకుంటే క్రెడిట్లు రావు" అన్నడు.

ఆదివారం డెమో ఉంటదని చెప్పిన్రట. పొద్దుగాల రైలుకు వచ్చి నాంపల్లి స్టేషన్ల దిగిండు. ఇద్దరం నడుసుకుంట అబిడ్స్ పోయినం. ఒక గల్లీల, రెండో అంతస్తుల చిన్న గది. గోడకు పెద్ద విమానం బొమ్మ, బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు, ఒక ఆర్డునో బోర్డు, నాలుగు వైర్లు. కూసున్నాయన మర్యాదగనే మాట్లాడిండు.

"అన్నా, ఇంజిన్ ఏడున్నది?" అని అడిగిన.

"ఇంజిన్ పీపీటీల చూపిస్తం సార్."

"ఇగ్నైటర్ ప్లగ్ అన్న ఉన్నదా, పిలగాడు చేతుల పట్టుకొని చూసేటందుకు?"

"సిములేషన్ ఉంటది సార్. రోజూ రాకున్నా నడుస్తది. రిపోర్ట్ మేమే తయారు చేసి ఇస్తం. సర్టిఫికెట్ మీద 'విమాన ఇంజిన్ ఇగ్నిషన్ వ్యవస్థలు' అనే ఉంటది."

నేను ఆయన మీద కొట్లాడలే. ఎందుకంటే ఒకప్పుడు నేను సుత గిసొంటి గదికే పోయిన. బీటెక్ ఆఖరి సంవత్సరం మేం నలుగురం తలా ఇంత వేసుకొని ప్రాజెక్టు కొన్నం. వైవాల బయటి నుంచి వచ్చిన సార్ ఒక్కటే ప్రశ్న అడిగిండు: "ఈ కెపాసిటర్ ఇక్కడ ఎందుకు పెట్టిన్రు?" నలుగురం ఒకల మొఖం ఒకలం చూసుకున్నం. మార్కులైతే పడ్డయ్. కానీ మొదటి ఇంటర్వ్యూల అదే ప్రశ్న ఇంకో తీరుగ వచ్చింది, కొలువు పోయింది. కాయితం కాలేజీ గేటు దాటిస్తది, కంపెనీ గేటు కాడ ఆగిపోతది. ఇది నాకు తెలిసేసరికి రెండేండ్లు పోయినయ్.

స్ప్లెండర్ నుంచి జెట్ దాక

ఇగ్నిషన్ అంటే ఏందో మన ఊరి పిలగాళ్లకు తెల్వనిది కాదు. స్ప్లెండర్ బండికి కిక్ కొడితే ప్లగ్గుల మెరుపు పుడతది, పెట్రోలు అంటుకుంటది. ఆ మెరుపు వెనుక సీడీఐ అనే చిన్న డబ్బా ఉంటది. అందుల ఉన్న కెపాసిటర్ కరెంటును జమ చేసి ఒక్కసారే కాయిల్‌కు వదులుతది. కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచితే ప్లగ్గు కొస కాడ నిప్పు లేస్తది. బండి మొరాయిస్తే మన మెకానిక్ మొదట ప్లగ్గు విప్పి, ఇంజిన్‌కు ఆనించి కిక్ కొట్టి చూస్తడు. నిప్పు వస్తున్నదా లేదా అని. అది ఇగ్నిషన్ టెస్టే.

పైలట్లు నేర్చుకునే చిన్న సెస్నా విమానాలల్ల పిస్టన్ ఇంజిన్ ఉంటది. దానికి రెండు మాగ్నెటోలు, ఒక్కో సిలిండర్‌కు రెండు ప్లగ్గులు. బ్యాటరీ పోయినా మాగ్నెటో తిరిగినన్ని రోజులు మెరుపు ఆగది. గాలిల ఒకటి చెడిపోతే రెండోది ఇంజిన్‌ను నడుపుతది. ఎగిరే ముందు పైలట్ ఒక్కోదాన్ని విడిగా ఉంచి, ఇంజిన్ వేగం ఎంత తగ్గుతున్నదో చూసి గని కదలడు.

పెద్ద విమానాల జెట్ ఇంజిన్ల ఎక్సైటర్ అనే డబ్బా ఉంటది. విమానం కరెంటు తీసుకొని కెపాసిటర్ల నింపి, దహన గదిల ఉన్న ఇగ్నైటర్ ప్లగ్గుకు వదులుతది. సెకనుకు ఒకటో రెండో మెరుపులు, టక్కు టక్కుమని సప్పుడు. బండికీ దీనికీ తేడా ఒక్కటే. బండి ఇంజిన్ల ప్రతి సుట్టుకు మెరుపు కావాలె. జెట్‌ల ఒక్కసారి మంట అంటుకుంటే ఇంధనం, గాలి అందినన్ని రోజులు అదే మండుతది. పెద్ద వాన, మంచు ఉన్న దిక్కు పోయేటప్పుడు మంట ఆరకుండ ఇగ్నిషన్ మళ్ల ఆన్ చేస్తరు. సాధారణంగా ఒక్కో ఇంజిన్‌కు రెండు సెట్లు ఉంటయ్. ఒకటి పోతే ఇంకొకటి.

ఇంత దాక పీపీటీల సుత చెప్పొచ్చు. పీపీటీ చెప్పలేని ముచ్చట ఒకటున్నది. స్విచ్ బంద్ చేసినంక గూడ ఆ కెపాసిటర్ల కరెంటు మిగిలి ఉంటది, మనిషిని చంపేటంత. అందుకే మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి, చెప్పిన వరుసలనే వైరు విప్పాలె. ప్లగ్గు కొస ఎంత అరిగిందో కొలవాలె. ఎంత బిగువుతో బిగించాలెనో టార్క్ పానాతో చూడాలె. చేసిన పని రాసి సంతకం పెట్టాలె. చెయ్యికి అలవాటు కావాల్సిన విద్య ఇది. సూపు ఒక్కదానితోని రాదు.

ఆ చెయ్యి ఎందుకంత ముఖ్యమో రెండు ఘటనలు చెప్తయ్. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఇండోనేసియా మీదికెళ్లి పోతుంటే గాలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిద లోపలికి పోయి నాలుగు ఇంజిన్లు ఆగిపోయినయ్. విమానం ఇంజిన్లు లేకుండనే కిందికి జారుకుంట వచ్చింది. పైలట్లు మళ్ల మళ్ల స్టార్ట్ కొట్టిన్రు. బూడిద దాటినంక ఇంజిన్లు అంటుకున్నయ్, లోపలున్నోళ్లంత బతికిన్రు. ఎన్నడో ఒక మెకానిక్ సక్కగ బిగించిన ప్లగ్గు ఆ రాత్రి పనికొచ్చింది.

రెండోది మన దేశందే. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌ల ఎయిరిండియా విమానం కూలి, లోపలున్న 242 మందిల 241 మంది, నేల మీద 19 మంది పానాలు పోయినయ్. జులైల వచ్చిన ప్రాథమిక నివేదిక ప్రకారం రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు కటాఫ్‌కు మారి, కొన్ని సెకన్లకు మళ్ల రన్‌కు వచ్చినయ్. అప్పుడు కంప్యూటరే ఇగ్నిషన్‌ను, ఇంధనాన్ని మళ్ల కలుపుతది. రెండు ఇంజిన్లు మళ్ల అంటుకున్న ఆనవాళ్లు దొరికినయ్, ఒకటి కోలుకునుడు గూడ షురువైంది. కానీ విమానం అప్పటికే నేలకు దగ్గరైంది. నివేదిక ఇగ్నిషన్‌ను తప్పు పట్టలే. నేను చెప్పేది ఒక్కటే. ఈ డబ్బా పని చెయ్యాల్సిన రోజు వస్తే సెకన్లల్ల చెయ్యాలె. దాని మీద చెయ్యి వేసేటోని చదువు కొనుక్కున్న కాయితం అయితే ఎట్ల?

పట్నానికి ఇంజిన్లు వచ్చినయ్

ఇప్పుడే ఈ ముచ్చట ఎందుకంటే, మన హైదరాబాద్ విమాన ఇంజిన్ల పట్నం అయితున్నది. 2025 నవంబర్ 26న శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పక్కన సాఫ్రాన్ కంపెనీ ఇంజిన్ల సర్వీస్ కేంద్రాన్ని ప్రధాని ఆన్‌లైన్‌ల ప్రారంభించిండు. పెట్టుబడి దాదాపు 1,300 కోట్లు. స్థలం 45,000 చదరపు మీటర్లు. ఏడాదికి 300 లీప్ ఇంజిన్లు బాగు చేసే తాకత్ ఉంటదని, 2035 నాటికి పూర్తి స్థాయిల నడిస్తే 1,000 మందికి పైగా టెక్నీషియన్లు, ఇంజనీర్లకు పని దొరుకుతదని ప్రకటించిన్రు. లీప్ అంటే ఎయిర్‌బస్ ఏ320 నియో, బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకు పెట్టే ఇంజిన్.

ఇసొంటి కేంద్రాన్ని విమానాలోళ్లు 'ఎమ్మార్వో' అంటరు. మనకు ఎమ్మార్వో అంటే తహసీల్దార్ సాబ్ యాదికొస్తడు. వాళ్లకు మెయింటెనెన్స్, రిపేర్, ఓవర్‌హాల్. మనం మండల ఎమ్మార్వో ఆఫీస్ సుట్టు తిరిగినం, ఇగ ఈ ఎమ్మార్వో గేటు కాడికి గూడ పోవాల్సిన దినాలొచ్చినయ్.

ఇది ఒక్కటే కాదు. ఆదిబట్లల టాటా కంపెనీ లీప్ ఇంజిన్లకు భాగాలు చేస్తది. బాలానగర్ల హెచ్ఏఎల్ ఏవియానిక్స్ డివిజన్ 1965 నుంచి ఉన్నది. కంచన్‌బాగ్‌ల మిధాని, డీఎంఆర్ఎల్ ఇంజిన్లకు కావాల్సిన లోహాల మీద పని చేస్తయ్. అంటే అబిడ్స్ గదికి గంట, గంటన్నర దూరంలనే అసలు పని ఉన్నది. మన పిలగాడు మాత్రం అబిడ్స్ గదిల పీపీటీ కాడ ఆగిపోతున్నడు. నడుమ ఏం అడ్డమున్నది?

తప్పు పిలగాండ్లది కాదు

ఏఐసీటీఈ 2018ల తెచ్చిన నమూనా సిలబస్‌ల ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు పెట్టింది. ఆలోచన మంచిదే. కానీ వేల మంది పిలగాళ్లకు ఇంటర్న్‌షిప్ ఎవరు సూపెట్టాలె? చానా కాలేజీలు చేతులు దులుపుకొని "మీరే చూసుకోండ్రి" అన్నయ్. కంపెనీతో ఒప్పందం చేసుకున్న ఫొటో వెబ్‌సైట్ల పెడతరు, ఆ కంపెనీకి పోయిన పిలగాళ్లు మాత్రం కండ్లవడరు. పట్నంల చుట్టం పెద్ద కొలువుల ఉన్నోనికి లోపటికి దారి దొరుకుతది. ఊరి నుంచి వచ్చినోనికి ఆ చుట్టం లేడు. వానికి దొరికేది అబిడ్స్ గల్లీల ఎనిమిది వేల రసీదు. చుట్టరికం లేనోడు పైసలతోని దండుగ కడుతున్నడన్న మాట.

కంపెనీలోళ్లు ఒక మాట అంటరు: "ఎగిరే ఇంజిన్ మీద స్టూడెంట్ చెయ్యి ఎట్ల వెయ్యనిస్తం?" ఆ మాట నిజమే. వెయ్యనియ్యొద్దు. విమానాన్ని ఎగిరేటందుకు పంపాలంటే డీజీసీఏ లైసెన్స్ ఉన్న ఏఎంఈ సంతకం కావాలె. బీటెక్ పట్టా ఒక్కటే ఉంటే ఆ లైసెన్స్ రాదు. ఈ సంగతి గూడ అబిడ్స్ గదులల్ల చెప్పరు. అయితే వాడి పక్కన పెట్టిన పాత ఇగ్నైటర్లు, కోసి లోపల కనవడేటట్టు చేసిన ఇంజిన్లు, బల్ల మీద టెస్ట్ చేసే ఎక్సైటర్లు ఉంటయ్ గద. ఎగరని ఇంజిన్ మీద నేర్పిస్తే ఎవరికేం నష్టం? నేర్పాలన్న మనసుంటే ఇనుప సామాను కొదవ లేదు.

చట్టం సుత కొత్తగ రాయాల్సిన పని లేదు. 1961 నుంచి అప్రెంటిస్ చట్టం ఉన్నది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన మందిల 2.5 నుంచి 15 శాతం దాక అప్రెంటిస్‌లను తీసుకోవాలె. 2019 నిబంధనలల్ల డిగ్రీ అయినోళ్లకు నెలకు కనీసం 9,000, డిప్లొమా అయినోళ్లకు 8,000 రూపాయలు ఇయ్యాలని పెట్టిన్రు. నాట్స్ అనే కేంద్ర పథకంల ఆ కనీస మొత్తంల సగం సర్కారే భరిస్తది. 2025 మేల కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ ఈ స్టైపెండ్‌ను 36 శాతం పెంచాలని సిఫార్సు గూడ చేసింది. చూడుండ్రి లెక్క: 2019 నిబంధనల లెక్కనే చూసినా నేర్చుకునేటోనికి నెలకు కనీసం తొమ్మిది వేలు రావాలె, అబిడ్స్‌ల వాడే ఎనిమిది వేలు కడుతున్నడు.

అప్రెంటిస్ అనేది చదువు అయినంక, ఇంటర్న్‌షిప్ అనేది చదువు నడుమ. చదువు నడుమ పోయేటోనికి గంత గట్టి రక్షణ లేదు. ఈ సందులనే దందా నడుస్తున్నది.

ఏం చెయ్యాలె?

సర్కారు చెయ్యాల్సినవి మూడు. ఒకటి, భూమి, రాయితీలు తీసుకునే ప్రతి పెద్ద కంపెనీ ఏటా ఎంత మంది స్థానిక పిలగాళ్లకు స్టైపెండ్ ఇచ్చి నేర్పిందో బయట పెట్టాలె. అందుల జిల్లాల కాలేజీలు, ఐటీఐలు, పాలిటెక్నిక్‌లకు వాటా ఉండాలె. రెండు, టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నరు గద, వాటిల్ల కొన్నింటిల అన్న ఇంజిన్ల పని నేర్పే బల్లలు పెట్టాలె. మూడు, ఇంటర్న్‌షిప్ క్రెడిట్ ఇచ్చే ముందు యూనివర్సిటీ సర్టిఫికెట్ చూసుడు బంద్ చేసి, పిలగాన్ని పిలిచి అడగాలె: ఏ చోట పనిచేసినవ్, ఏం విప్పినవ్, ఎవరు నేర్పిన్రు?

మన పిలగాండ్లకు గూడ నాలుగు మాటలు. పైసలడిగే ఇంటర్న్‌షిప్ కనవడితే ఇవి అడగండ్రి:

"పని ఏ చోట?" షాపు, ల్యాబ్, హాంగర్ పేరు చెప్పకుంటే పని లేనట్టే.

"నా చేతికి ఏం ఇస్తరు?" ఒక్క పనిముట్టు పేరన్న చెప్పాలె.

"నేర్పేటాయన ఈ పని ఎన్నేండ్లు చేసిండు?"

"రోజూ రాకుంటే సర్టిఫికెట్ ఇస్తరా?" ఇస్తమంటే లేచి వచ్చేయుండ్రి.

విమానాల పనే చెయ్యాలని ఉంటే ఇంటర్ ఎంపీసీ తర్వాత ఏఎంఈ దారి ఉన్నది. బేగంపేటల ఉన్న తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ లాంటి చోట్ల కనుక్కోండ్రి. ఏ సంస్థల చేరినా ముందు డీజీసీఏ గుర్తింపు జాబితాల పేరున్నదో లేదో చూడుండ్రి. డిగ్రీ, డిప్లొమా అయినోళ్లు నాట్స్ పోర్టల్ల పేరు నమోదు చేసుకోండ్రి. అది ఉచితం.

నాంపల్లి నేర్పిన ముచ్చట

ఆ గది నుంచి బయటికొచ్చి, మళ్ల నాంపల్లి దిక్కు నడుస్తుంటే పిలగాడు మాట్లాడలే. దోస్తులంత కట్టిన్రు, తానొక్కడే వెనుకవడ్తనేమో అన్న భయం. ఎగ్జిబిషన్ గ్రౌండ్ దిక్కు సూపెట్టి చెప్పిన. నుమాయిష్ అంటే మనకు జెయింట్ వీల్, మిర్చి బజ్జి యాదికొస్తయ్. కానీ 1938ల దాన్ని మొదలుపెట్టింది ఉస్మానియా యూనివర్సిటీల చదువుకున్న జవాన్లే. అప్పుడు పక్కనున్న పబ్లిక్ గార్డెన్స్‌ల పెట్టిన్రు. మన దగ్గర తయారైన వస్తువులను మందికి సూపెట్టాలన్నది వాళ్ల ఆలోచన. తర్వాత ఆ మేళాల వచ్చిన పైసలతోని కాలేజీలు పెట్టిన్రు. ఆ గ్రౌండ్‌లనే ఆడపిల్లల పాలిటెక్నిక్ ఇప్పటికీ నడుస్తున్నది. కార్ఖానాకూ సదువుకూ నడుమ తొవ్వ వెయ్యాలని ఈ నాంపల్లిలనే పిలగాళ్లు ఒకప్పుడు ఆలోచన చేసిన్రు. ఎనబై ఏండ్లు దాటినంక మనం ఆ తొవ్వల రసీదు బుక్కు పెట్టుకొని కూసున్నం.

అయితే ఇది ఒక్క పిలగాడు 'వద్దు' అంటే ఆగే దందా కాదు. క్రెడిట్ కావాలె కాబట్టి రేపు వాడు గూడ ఏదో ఒక కాయితం తేవాల్సిందే. అందుకే మొదటి పోరాటం కాలేజీ లోపల్నే. క్లాసంత కలిసి ప్రిన్సిపాల్ సారును అడగాలె: "సార్, మీరు చేసుకున్న ఒప్పందాల ప్రకారం మమ్మల్ని ఏ కంపెనీకి పంపుతున్నరు?" ఒక్కడు అడిగితే బెదిరిస్తరు. అరవై మంది అడిగితే జవాబు చెప్పాల్సి వస్తది.

మా పిలగాడు ఎనిమిది వేలు కట్టలే. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల కాడ ఎలక్ట్రికల్ మెషిన్స్ పుస్తకం ఒకటి బేరం చేసి కొనుక్కున్నడు, సాయంత్రం రైలెక్కిండు. కాలేజీల పదకొండు మందిని జమ చేసి లెటర్ రాసి ఇచ్చిన్రట. జవాబు ఇంకా రాలే. సెలవులల్ల ఊరి మెకానిక్ దగ్గర కూసుంటున్నడు. నిన్న ఫోన్ చేసిండు.

"మామా, సీడీఐ డబ్బా విప్పినంక కెపాసిటర్ల కరెంటు ఎంతసేపు ఉంటది? ముట్టాల్నా, ఆగాల్నా?"

"ఆగు. ముందు మీటర్ పెట్టి చూడు" అన్న.

మా నలుగురికి వైవాల జవాబు రాని ప్రశ్న అదే కెపాసిటర్ గురించి. వీడు ఎవరూ అడగకముందే తనంతట తాను అడిగిండు. ఈ పిలగాన్ని శంషాబాద్ గేటు లోపటికి తీస్కపోయే తొవ్వ ఎవరేస్తరు, ఎప్పుడేస్తరు? సర్కారు, కాలేజీలు, కంపెనీలు జవాబు చెప్పాల్సింది దీనికే.